జుట్టు నాటుట: కొన్ని సందేహములు



తలమీద జుట్టు లేకపోయినందువలన ప్రాణమునకు వచ్చు హాని ఏమియు లేదు. ఐనను మన జీవితములో జుట్టునకున్న స్థానము చిన్నది కాదు. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించుట ఒక వేడుక. మ్రొక్కు తీరినప్పుడు స్వామికి తలనీలాలు సమర్పించుట ఒక ఆచారము. పెండ్లికూతురికి పూలజడ వేయుట ఒక కళ. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే అని మన సామెత. అట్టి జుట్టు ఇరువదియైదేండ్లు నిండకమునుపే నుదుటినుండి వెనుకకు జరుగ నారంభించినచో, పెండ్లిచూపులకు పోవలసిన పడుచువాని మనస్సు ఎంత కుందునో వేరుగ చెప్పనక్కరలేదు. దానిని చూచి నవ్వుట తేలిక. తెలిసిన మాట రెండు చెప్పుట మేలు.

పూర్వము బట్టతలకు మందు లేదని ఊరకుండెడివారు. నేడు అట్లు కాదు. బట్టతలకు శాశ్వత పరిష్కారమను ప్రకటనలు నగరముల గోడలమీదనే కాక, ఎన్‌టీఆర్ జిల్లా తిరువూరు వంటి పట్టణములలోని ప్రతి యువకుని సెల్‌ఫోనులోను కనబడుచున్నవి. విజయవాడకో, హైదరాబాదునకో పోయి, ఒక్క దినములో జుట్టు నాటించుకొని రావచ్చునని ఆ ప్రకటనలు చెప్పును. అవి చెప్పనివి కొన్ని కలవు. డబ్బు కట్టుటకు ముందు తెలిసికొనవలసినవి అవియే. కనుక ఈ శస్త్రచికిత్సను గురించి జనులు సాధారణముగ అడుగు ప్రశ్నలను ఒక్కొక్కటిగా విచారింతము.

జుట్టు నాటుట అను తలపు మనకు బొత్తిగా క్రొత్తది కాదు. శ్రీనివాసుని తలకు గొడ్డలిదెబ్బ తగిలి కొంతమేర జుట్టు పోగా, నీలాదేవి అను గంధర్వ రాజకుమారి తన కురులను కోసి ఆ చోట అమర్చెనని తిరుమలలో ఒక కథ చెప్పుకొందురు. అందుకు మెచ్చి, భక్తులు తనకు సమర్పించు కేశములు ఆమెకు చెందునని స్వామి వరమిచ్చెనట. ఏడుకొండలలో నీలాద్రికి ఆ పేరు ఆమెవలననే కలిగినదందురు. ఈ కథను తలచుకొని కొందరు అడుగు ప్రశ్నతోనే మొదలుపెట్టుదము.

తిరుమల కల్యాణకట్టలో దినమునకు వేలమంది సమర్పించు జుట్టును బట్టతలవారికి నాటరాదా? నాట వీలులేదు. ఇందుకు రెండు కారణములు కలవు. కల్యాణకట్టలో కత్తి తీయునది చర్మముపై కనబడు భాగమును మాత్రమే. అది గోటి కొసవలె జీవము లేనిది. జీవమంతయు చర్మము లోపల, వెంట్రుక మొదట నున్న కుదుటిలో ఉండును. కుదురు లేని వెంట్రుకను నాటుట వేరు లేని గడ్డిపరకను నాటుట వంటిది. ఇది మొదటి కారణము. ఇక, కుదురుతో సహా తీసినను, ఒకరి శరీరములోని కణములను మరియొకరి శరీరము పరాయివని గుర్తించి త్రోసివేయును. మూత్రపిండమును మార్పించుకొన్నవారు జీవితాంతము మందులు మ్రింగుచుండుట ఈ త్రోపును అణచుటకే. జుట్టుకొరకు అట్టి మందులు వాడుమని ఏ వైద్యుడును చెప్పడు. 1999లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఒక పురుషుని తలనుండి కుదుళ్ల అడుగు కణములను తీసి ఒక స్త్రీ ముంజేతి చర్మములో నాటగా అక్కడ వెంట్రుకలు మొలచిన మాట నిజమే. కాని అది పరిశోధనగానే మిగిలినది. కల్యాణకట్ట జుట్టు వేలములో అమ్ముడుపోయి, విగ్గులకును సవరములకును పోవుచున్నది. నాటవలసివచ్చినప్పుడు ఎవరి తలకు వారి జుట్టే కావలెను. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో తక్కిన సంగతులన్నియు సులభముగ బోధపడును.

అసలు జుట్టు ఎందుకు రాలును అనునది రెండవ ప్రశ్న. మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలుండును. ఒక్కొక్క వెంట్రుక రెండుమొదలు ఏడేండ్లవరకు, నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, పిమ్మట రెండుమూడు నెలలు విశ్రమించి రాలిపోవును. అదే కుదుటినుండి మరల క్రొత్తది మొలచును. ఈ లెక్కన దినమునకు 50 నుండి 100 వెంట్రుకలు రాలుట సహజము. దువ్వెనకు పది వెంట్రుకలు రాగానే బెంగపడనక్కరలేదు.

సన్నిపాతజ్వరము, డెంగీ, కోవిడ్ వంటి జబ్బులు తగ్గిన రెండుమూడు నెలలకును, స్త్రీలకు కాన్పు అయిన కొన్ని నెలలకును జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలవచ్చును. రక్తహీనత, థైరాయిడు దోషము, అతిగా పస్తులుండుట, కొన్ని మందులు కూడ ఇందుకు కారణములగును. కారణము తొలగిన కొన్ని నెలలకు ఆ జుట్టు తనంతట తానే వచ్చును. నాణెమంత మేర ఒక్కసారిగ నున్నగా ఊడిపోవుటను మనవారు పేనుకొరుకుడు అందురు. పేనునకు దానితో సంబంధము లేదు. శరీరపు రక్షకశక్తి పొరపాటున తన కుదుళ్లపైననే తిరుగబడుటవలన అట్లగును. దానికి మందులు కలవు. ఇట్టివాని వేటికిని జుట్టు నాటుట చికిత్స కాదు. కావున ముందుగ చేయవలసినది రాలుటకు కారణమేమో చర్మవైద్యునిచేత పరీక్ష చేయించుకొనుట.

పురుషులకు వచ్చు మామూలు బట్టతల వేరు. నుదుటికి రెండు ప్రక్కలను, నడినెత్తిమీద సుడివద్దను మొదలై, అది క్రమక్రమముగ వ్యాపించును. మగతనమునకు మూలమైన టెస్టోస్టిరోను అను హార్మోను చర్మములో డైహైడ్రోటెస్టోస్టిరోను అను మరియొక రూపమునకు మారును. పుట్టుకతో ఆ గుణము వచ్చినవారిలో ఇది కుదుళ్లను ఏటేట కృశింపజేయును. మొదట వెంట్రుక సన్నబడి, తరువాత నూగువలె మారి, తుదకు మొలచుటయే మానును. యౌవనమునకు ముందే వృషణములు తొలగింపబడినవారికి బట్టతల రాదనియు, వారికి ఆ హార్మోనును ఎక్కించినప్పుడు వంశములో ఆ గుణమున్నవారికే వచ్చుననియు అమెరికాలో హామిల్టను అను శాస్త్రజ్ఞుడు 1942లో ప్రకటించెను. ఈ గుణము తండ్రివైపునుండియు రావచ్చును, తల్లివైపునుండియు రావచ్చును. హెల్మెట్టు పెట్టుకొనుటవలననో, ఊరి నీటివలననో, నూనె మార్చుటవలననో ఇట్టి బట్టతల వచ్చినదనుట బోడిగుండునకు మోకాలికి ముడివేయుటయే.

ఐనచో, పోయిన చోట మరల నాటిన జుట్టు మాత్రము ఎట్లు నిలుచును? ఇది చాల మంచి ప్రశ్న. దీనికి సమాధానము తిరువూరు, నూజివీడు ప్రాంతముల మామిడిరైతులకు వెంటనే తెలియును. నాటుమామిడి టెంకనుండి మొలచిన మొక్కకు బంగినపల్లి కొమ్మను అంటుగట్టినచో, క్రింది వేరు ఏదైనను, పైన కాయునది బంగినపల్లియే. కొమ్మ తన పుట్టింటి గుణమును విడువదు. జుట్టు సంగతియు అంతే. ఎంత బట్టతలవారికైనను చెవులపైని, పెడతలయందును ఒక వరుస జుట్టు మిగిలియుండుట చూచుచున్నాము గదా. ఆ కుదుళ్లపై ఆ హార్మోనునకు అంత అధికారము లేదు. వానిని తెచ్చి నడినెత్తిమీద నాటినను అవి పెడతల గుణముతోనే పెరుగును.

ఈ చికిత్సకు దారి తీసినవాడు జపాను దేశమున షోజి ఒకుడా అను వైద్యుడు. 1939లో ఆయన కాలిన మచ్చలమీదను, కనుబొమలు పోయినచోటను తలనుండి తీసిన చిన్న చిన్న చర్మపు ముక్కలను నాటి జుట్టు మొలిపించెను. ఇంతలో మహాయుద్ధము వచ్చుటచేత ఆ సంగతి పాశ్చాత్యులకు తెలియలేదు. న్యూయార్కులో నార్మన్ ఒరెంట్రైక్ అను చర్మవైద్యుడు 1952లో బట్టతలపై దీనిని ప్రయోగించి, ఎక్కడినుండి తెచ్చిన జుట్టు అక్కడి గుణమునే నిలుపుకొనునను సిద్ధాంతమును 1959లో ప్రకటించెను. ఇందుకు మన దేశములోనే చక్కని నిదర్శనము కలదు. కుష్ఠువ్యాధి నయమైనను కనుబొమలు పోయిన ముఖమును చూచి లోకము వారిని దగ్గరకు రానీయదు. అట్టివారికి వెల్లూరు మొదలగుచోట్ల శస్త్రవైద్యులు తలచర్మముతో కనుబొమలను కల్పించిరి. ఆ క్రొత్త కనుబొమలు తలజుట్టువలె పొడవుగా పెరుగుచుండును. అప్పుడప్పుడు కత్తిరించుకొనవలెను. స్థలము మారినను గుణము మారలేదు. జుట్టు నాటుట కేవలము షోకుకొరకు పుట్టిన విద్య కాదని కూడ దీనివలన తెలియుచున్నది. అగ్నిప్రమాదములలోను, వాహనప్రమాదములలోను తలకు మచ్చపడినవారికి నేటికిని అది నిజమైన మేలు చేయుచున్నది.

ఈ పని ఎట్లు చేయుదురు, నొప్పి ఉండునా అని తరువాతి ప్రశ్న. పూర్వము నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుగల ముక్కలను నాటెడివారు. ఒక్కొక్కదానిలో పది, పదునైదు వెంట్రుకలు గుంపుగా నిలిచి, బొమ్మ తలవలె వికారముగ కనబడెడిది. నేడట్లు కాదు. వరి కుదుటికి రెండు మూడు పిలకలున్నట్లు, తలమీదను ఒకటి మొదలు నాలుగు వెంట్రుకలు ఒక్కొక్క కుదురుగ మొలచును. ఇప్పుడు ఆ కుదుటినే చెదరకుండ తీసి నాటుదురు.

తీయుటకు రెండు పద్ధతులు కలవు. పెడతలనుండి సన్నని చర్మపు పట్టీని కోసి తీసి, ఆ చోట కుట్లు వేసి, పట్టీనుండి సూక్ష్మదర్శిని సహాయమున కుదుళ్లను విడదీయుట ఒకటి. దీనివలన గీతవంటి మచ్చ మిగులును. సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పుగల గొట్టపుసూదితో ఒక్కొక్క కుదుటిని విడివిడిగ పెకలించుట రెండవది. దీనికి కుట్లు లేవు. కాని మచ్చ అసలే ఉండదనుట సరికాదు. చిన్న చిన్న తెల్లని చుక్కలు మిగులును. ఏ పద్ధతియైనను మొత్తము మత్తు ఇయ్యరు. ఆ చోటు మొద్దుబారుటకు సూదిమందు వేయుదురు. ఆ సూదులు పొడుచునప్పటి నొప్పియే నొప్పి. తరువాత ఆరేడు గంటలు పడుకొనియో కూర్చుండియో ఓపిక పట్టవలెను.

తల నిండుగా జుట్టు వచ్చునా? అన్ని ప్రశ్నలకన్న ముఖ్యమైనది ఇది. ప్రకటనలు దాటవేయునదియు ఇదియే. జుట్టు నాటుటవలన తలమీద క్రొత్తగా ఒక్క వెంట్రుకయు పుట్టదు. ఉన్నదానిని ఒకచోటినుండి మరియొకచోటికి మార్చుట మాత్రమే జరుగును. పెడతలను నారుమడి అనుకొనుడు. ఆ మడిలో తీసిన కుదురు చోట మరల కుదురు మొలవదు. ఎక్కువ తీసినచో వెనుకభాగము చిల్లులు పడిన దుప్పటివలె కనబడును. సాధారణముగ ఒక మనిషి పెడతలనుండి జీవితకాలములో తీయదగినవి అయిదారువేల కుదుళ్లు మాత్రమే.

ఇక పొలమెంతో చూడుడు. నుదుటిపై ముందుభాగము మాత్రము పలుచబడినవానికి నాటవలసిన చోటు సుమారు 50 చదరపు సెంటీమీటర్లనుకొందము. చదరపు సెంటీమీటరునకు 40 కుదుళ్ల చొప్పున నాటినచో 2000 చాలును. నెత్తియంతయు బోడియైనవానికి నాటవలసిన చోటు 200 చదరపు సెంటీమీటర్లుండవచ్చును. అదే లెక్కన 8000 కుదుళ్లు కావలెను. అన్ని ఎక్కడినుండి వచ్చును? రానే రావు. కాబట్టి అట్టివారికి ముందుభాగమున కొంత నాటి ముఖమునకు కళ తెచ్చుటయో, తలయంతటను పలుచగా పరచుటయో తప్ప, ఇరువదేండ్లనాటి జుట్టును తెచ్చియిచ్చుట ఎవరికిని సాధ్యము కాదు. మంచి తలమీద చదరపు సెంటీమీటరునకు 70, 80 కుదుళ్లుండును. 40 నాటినను చూపునకు బాగుండుటకు కారణమేమనగా, జుట్టు సగము పోవువరకు మన కన్ను దానిని గుర్తింపదు. ఈ చికిత్స అంతయు కంటియొక్క ఆ ఉదారతపైననే ఆధారపడియున్నది.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. కుదురు వేరు, వెంట్రుక వేరు. 2000 కుదుళ్లలో సుమారు 4000 వెంట్రుకలుండును. కొందరు కుదుళ్ల లెక్కన ధర చెప్పుదురు, కొందరు వెంట్రుకల లెక్కన చెప్పుదురు. ఏ లెక్కయో వ్రాయించుకొనకుండ పైకము చెల్లింపరాదు.

నాటిన జుట్టు ఎప్పుడు మొలచును? ఇచ్చట ఓర్పు కావలెను. నాటిన మూడవ, నాలుగవ దినమున నుదురు వాచి, ఆ వాపు కనురెప్పలమీదికి దిగవచ్చును. దానంతట అదే తగ్గును. చిన్న చిన్న పక్కులు కట్టి వారము పది దినములలో రాలిపోవును. వానిని గోటితో గీకరాదు. ఆ దినములలో తలకు ఒత్తిడి తగులరాదు కనుక హెల్మెట్టు పనికిరాదు. అనగా హెల్మెట్టు లేకుండ మోటారుసైకిలు నడుపుమని కాదు, నడుపుటయే మానుమని అర్థము. పొగత్రాగువారు కొన్ని వారములు ముందును వెనుకను మానవలెను. పొగవలన చర్మమునకు నెత్తురు అందుట తగ్గును.

రెండవ వారమునుండి రెండవ నెలలోగా నాటిన వెంట్రుకలు చాలవరకు రాలిపోవును! అనేకులు గుండెలు బాదుకొని, మోసపోతిమని తలచు సమయమిదియే. భయపడనక్కరలేదు. రాలినది వెంట్రుక, కుదురు లోపల భద్రముగ ఉన్నది. ఊడ్చిన వరి కొన్ని దినములు వాడి, పసుపుపచ్చనై, పిమ్మట నిలదొక్కుకొనుట లేదా? అట్లే మూడు నాలుగు నెలలకు క్రొత్త వెంట్రుకలు సన్నగ పైకి వచ్చును. ఆరు నెలలకు సగము ఫలితము కనబడును. పూర్తి ఫలితము తెలియుటకు ఒక సంవత్సరము, నడినెత్తికైనచో ఏడాదిన్నర పట్టవచ్చును. కావున వచ్చే నెల పెండ్లి పెట్టుకొని ఈ నెల జుట్టు నాటించుకొనుటవలన ప్రయోజనము లేదు. పెండ్లి పీటలమీద ఉన్న జుట్టు కూడ పలుచబడి కనబడవచ్చును.

ఒకసారి నాటించినచో ఇక చింత లేనట్లేనా? నాటిన కుదుళ్లు చాలవరకు చిరకాలము నిలుచును. కాని నాటనివాటి సంగతి చూడవలెను. బట్టతల వచ్చు గుణము శస్త్రచికిత్సతో పోలేదు. అది లోపల తన పని తాను చేయుచునే ఉండును. ఇరువదిరెండేండ్లవాడు ముందుభాగమున మాత్రము నాటించుకొనినచో, ముప్పదియైదేండ్లకు వాని వెనుక జుట్టు పోయి, నాటినది మాత్రము చెరువు నడుమ లంకవలె నిలిచియుండవచ్చును. అప్పటికి నారుమడియు అయిపోయియుండును. ఆ స్థితి బట్టతలకన్న వికారమైనది. కనుకనే అనుభవజ్ఞులైన వైద్యులు ఇరువదియైదేండ్లలోపువారికి తొందరపడి నాటరు. బట్టతల ఏ దారిని పోవుచున్నదో కొన్నాళ్లు కనిపెట్టి, వంశములో పెద్దల తలలను విచారించి, ఉన్న జుట్టును నిలుపు మందులను ముందు ప్రయత్నింతురు.

అట్టి మందులలో రుజువైనవి ముఖ్యముగ రెండు. మినాక్సిడిల్ అనునది మొదట రక్తపుపోటునకు మాత్రగా వాడినది. దానిని మ్రింగినవారికి జుట్టు పెరుగుట చూచి, తలకు పూయు మందుగా తయారుచేసిరి. అమెరికా ప్రభుత్వము 1988లో దానికి అనుమతి ఇచ్చెను. రెండవది ఫినాస్టిరైడ్ మాత్ర. దీనికి 1997లో బట్టతలకొరకు అనుమతి లభించెను. ఇది ఇందాక చెప్పిన హార్మోను మార్పును అడ్డగించును. ఈ రెండును వాడినంతకాలమే పనిచేయును. ఫినాస్టిరైడ్ వలన కొద్దిమందికి లైంగికశక్తి తగ్గుట, మనస్సు క్రుంగుట కలుగవచ్చును. గర్భవతులు దాని విరిగిన మాత్రను చేతితో తాకుటయు తగదు. కావున వైద్యుని సలహా లేనిదే వాడరాదు.

స్త్రీలకు ఈ చికిత్స పనికివచ్చునా? కొందరికి మాత్రమే. స్త్రీలలో జుట్టు సాధారణముగ తలయంతటను పలుచబడును. నారుమడియే పలుచబడినప్పుడు తీసి నాటుట కెక్కడిది? వారికి ముందు రక్తములో ఇనుము, థైరాయిడు, అండాశయముల స్థితి పరీక్షింపవలెను. ఏండ్లతరబడి జుట్టును బిగించి లాగి జడవేయుటవలన కణతలవద్ద పోయినవారికిని, కాలిన మచ్చలున్నవారికిని నాటుటవలన మేలు కలుగవచ్చును.

మన ప్రాంతమువారు మాత్రమే అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. నాటించుకొన్న తరువాత తిరుమలలోనో, ద్వారకాతిరుమలలోనో తలనీలాలు ఇయ్యవచ్చునా? నిరభ్యంతరముగ ఇయ్యవచ్చును. ముందే చెప్పినట్లు కత్తి తీయునది పైభాగమునే. నాటిన కుదురు లోపల నిలిచియుండి మరల మొలిపించును. కాని చర్మము పూర్తిగ మానువరకు, కుదుళ్లు నిలదొక్కుకొని జుట్టు పెరుగువరకు, అనగా ఒక సంవత్సరము ఆగుట మంచిది. మరియొక సంగతి. గుండు చేయించినప్పుడు పెడతలమీది గీతమచ్చ అందరికిని కనబడును. మ్రొక్కులున్నవారు ఈ మాట వైద్యునితో ముందే చెప్పి, విడివిడిగ కుదుళ్లు తీయు పద్ధతిని గురించి విచారించుట యుక్తము.

కడపటి ప్రశ్న మిక్కిలి గంభీరమైనది. ఇందు ప్రాణాపాయము కలదా? అర్హుడైన వైద్యుడు, తగిన ఆసుపత్రిలో చేసినప్పుడు ఇది చాలవరకు సురక్షితమే. కాని దీనిని క్షౌరముతో సమానముగ ఎంచరాదు. మొద్దుబార్చు మందు మోతాదు మించినచో గుండెమీదను, మెదడుమీదను పనిచేయును. ఏ మందైనను ఒక్కొక్కరికి పడక నిమిషములలో ఊపిరి ఆగవచ్చును. వేలకొలది గాట్లలో శుభ్రత లోపించినచో చీము పట్టవచ్చును. 2016లో చెన్నైలో ఒక వైద్యవిద్యార్థియే జుట్టు నాటించుకొన్న పిమ్మట మరణించెను. బట్టతల ప్రాణము తీయదు. ప్రాణము తీయని దానికొరకు ప్రాణమును పణముగా పెట్టరాదు.

ఇట్టి సంఘటనల పిమ్మట జాతీయ వైద్య కమిషను 2022 సెప్టెంబరులో కొన్ని మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. ప్లాస్టిక్ సర్జరీలోగాని, చర్మవైద్యములోగాని శిక్షణ పొందిన వైద్యులే ఈ పని చేయవలెననియు, చలనచిత్రములు చూచియో, నాలుగు దినముల శిబిరమునకు పోయియో నేర్చినది శిక్షణ కాదనియు, సహాయకులు వైద్యుని పర్యవేక్షణలోనే పనిచేయవలెననియు, ఆపద వచ్చినచో ఆదుకొను ఏర్పాట్లుండవలెననియు వాని సారాంశము. ఆంధ్రప్రదేశమున ప్రైవేటు వైద్యశాలలు ప్రభుత్వమువద్ద నమోదు కావలెనని 2002 నాటి చట్టము కూడ కలదు.

కావున పోదలచినవారు ఈ ప్రశ్నలు అడుగవలెను. శస్త్రచికిత్స చేయునది ఏ వైద్యుడు? ఆయన ఏ పరీక్షలో ఉత్తీర్ణుడు? వైద్యమండలిలో ఆయన సంఖ్య ఎంత? కుదుళ్లు తీయునప్పుడును, గాట్లు పెట్టునప్పుడును ఆయన గదిలో ఉండునా, లేక సంతకము పెట్టి పోవునా? ప్రాణవాయువు, అత్యవసర మందులు సిద్ధముగ ఉన్నవా? ముందుగా రక్తపరీక్షలు చేయుదురా? మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు ఉన్నవారును, నెత్తురు పలుచన చేయు మందులు వాడువారును, గాయము మానిన చోట మచ్చ ఉబ్బి పెరుగు గుణమున్నవారును ఆ సంగతి దాచక చెప్పవలెను. అడిగినందుకు విసుగుకొను చోట నాటించుకొనకుండుటయే మేలు. నేడే పైకము కట్టినచో సగము ధర అని తొందరపెట్టు చోటును అట్టిదే. మొదటి సలహాకొరకు వేలరూపాయలు ఖర్చుచేయనక్కరలేదు. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవైద్య విభాగము కలదు. అది అమ్మకపుదారు కాదు గనుక, అక్కడ చెప్పు మాట నమ్మదగినది.

రైతు నారు పోయుటకు ముందు నీరెంత ఉన్నదో, పొలమెంత ఉన్నదో లెక్క చూచుకొనును. ఉన్న నారు రెండెకరములకు చాలునప్పుడు పదియెకరములకు ఆశపడడు. జుట్టు నాటించుకొనువారికి కావలసినదియు ఆ వివేకమే. కారణము తెలిసి, వయస్సు కుదిరి, నారుమడి బాగుండి, అర్హుడైన వైద్యుడు దొరికి, రాబోవు ఫలితమును ఉన్నదున్నట్లు గ్రహించినవారికి ఈ చికిత్స సంతోషము కలిగించును. ఇందులో ఏ ఒక్కటి లోపించినను ఆగుట మంచిది. ఆగినందువలన పోవునది కొంత జుట్టు. తొందరపడినందువలన పోవు నారుమడి మరల రాదు. ఇక నాటించుకొనకయే, ఉన్న జుట్టును పొట్టిగ కత్తిరించుకొని, తలయెత్తి తిరుగువారు మన నడుమ ఎందరో కలరు. వారి పెండ్లిళ్లును జరిగినవి, వారి సంసారములును చల్లగా సాగుచున్నవి. పిల్లనిచ్చువారును ఈ సంగతి ఒకింత ఆలోచింపవలెనని మనవి.